అమ్మాయి క్రిమినల్ జస్టిస్ డిగ్రీ అంటోంది, పెట్టే డబ్బుకి వచ్చే జీతం గిట్టుబాటేనా?

ఫ్రిస్కో_నాన్న

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట పక్కన, ఇక్కడ డాలస్ పైన ఫ్రిస్కోలో 19 ఏళ్ళుగా ఉంటున్నాం. పెద్దమ్మాయి హైస్కూల్ లాస్ట్ ఇయర్, 2026 ఫాల్‌కి కాలేజ్. పుట్టింది ప్లానోలోనే కాబట్టి వీసా తలనొప్పి లేదు. తలనొప్పంతా వేరే.

మా కాలనీలో మనోళ్ళ పిల్లలు ఎవర్ని కదిపినా సీఎస్ (కంప్యూటర్లు), లేకపోతే ప్రీమెడ్ (డాక్టర్ చదువుకి ముందుది). మాదేమో క్రిమినల్ జస్టిస్ (పోలీసులు, కోర్టులు, జైళ్ళ గురించిన చదువు) అంటోంది. నైన్త్ నుంచి క్రైమ్ పాడ్‌కాస్ట్‌లు వింటోంది, సరే వయసు అనుకున్నా. తర్వాత ఇక్కడి పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ఎక్స్‌ప్లోరర్స్ అని ఒక ప్రోగ్రాం ఉంటే అందులో చేరింది, వారం వారం వెళ్తుంది. మంచం సర్దుకోని పిల్ల ఆ రోజు మాత్రం యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకుని, గరాజ్ మెట్ల మీద కూర్చుని బూట్లు పాలిష్ చేస్తుంది. చూస్తే మా నాన్నే గుర్తొస్తారు. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు, పొద్దున్నే అరుగు మీద అలాగే కూర్చునేవారు, ఒక బూటులో చెయ్యి పెట్టి. ఆ జీతంతోనే నన్ను ఇంజనీరింగ్ చదివించారు, నువ్వు మాత్రం ఈ ఖాకీ జోలికి రాకురా అని వందసార్లు చెప్పారు. ఇప్పుడు మనవరాలు అటే వెళ్తానంటోంది, ఆయనకి ఇంకా చెప్పలేదు.

విషయం ఏంటంటే, వేరే స్టేట్‌లో ఒక ప్రైవేట్ కాలేజ్ దానికి బాగా నచ్చింది. హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి 58 వేల డాలర్లు, వాళ్ళిచ్చే స్కాలర్‌షిప్ పోను 41 వేలు. అంటే నాలుగేళ్ళకి లక్షా 64 వేలు. మా దగ్గర పిల్లల చదువు కోసం దాచే 529 అకౌంట్‌లో 70 వేలున్నాయి, చిన్నోడు కూడా ఉన్నాడు. మా ఆవిడ లోన్ తీసుకుందాం, పిల్ల ఏడుస్తోంది అంటుంది. నేను లెక్క వేస్తే నిద్ర పట్టట్లేదు. ఈ డిగ్రీ చేసినోళ్ళు, లేదా పిల్లలు చేసినోళ్ళు ఎవరైనా ఉంటే నిజం చెప్పండి, మొహమాటం వద్దు.

లెక్కల_మాస్టారు

అన్నా, ముందు జీతాల సంగతి. లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ మే 2024 లెక్కల్లో పోలీసులు, డిటెక్టివ్‌లు కలిపి ఏడాదికి మీడియన్ 77 వేల డాలర్లు దాటింది. ప్రొబేషన్ ఆఫీసర్లు (జైలుకి బదులు బయట ఉంచిన నేరస్తుల్ని కనిపెట్టుకునేవాళ్ళు) 64 వేల 500, ఫోరెన్సిక్ టెక్నీషియన్లు 67 వేల 400. లాయర్లు లక్షా 51 వేలు. మీడియన్ అంటే సరిగ్గా మధ్యలో ఉన్నోడి జీతం, 15 ఏళ్ళ సర్వీస్ ఉన్నోళ్ళు కూడా అందులోనే ఉన్నారు కాబట్టి మీ అమ్మాయికి మొదటి రోజే అంత వస్తుందనుకోవద్దు.

ఇప్పుడు అప్పు. పిల్ల పేరు మీద ఫెడరల్ (సెంట్రల్ గవర్నమెంట్) లోన్ ఫస్టియర్ 5,500, తర్వాత 6,500, ఆ తర్వాత రెండేళ్ళు 7,500 చొప్పున, మొత్తం నాలుగేళ్ళకి 27 వేలు, అంతకంటే ఇవ్వరు. మిగతాది మీ నెత్తినే, అదే పేరెంట్ ప్లస్ లోన్. దానికి కొత్త రూల్ వచ్చింది, జులై 2026 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకి ఏడాదికి 20 వేలు, ఒక పిల్లకి మొత్తం 65 వేలే. మీ అమ్మాయి సరిగ్గా ఆ బ్యాచ్. 2025-26కి దాని వడ్డీ 8.94 శాతం, పైగా లోన్ ఇచ్చేటప్పుడే 4 శాతం పైన ఫీజు కోసుకుంటారు. అదే వడ్డీ అనుకుంటే 65 వేలు పదేళ్ళలో తీర్చడానికి నెలకి సుమారు 820 డాలర్లు, చివరికి కట్టేది 98 వేల పైమాటే. చిన్నోడి కాలేజ్ అయిపోయినా మీరు అక్క లోన్ కడుతూనే ఉంటారు.

70 వేలు మొత్తం దీనికే ఊడ్చేసినా ఇంకా 94 వేలు కావాలి. పిల్ల లోన్ 27, మీ లోన్ 65 కలిపితే 92. అంటే రెండు లోన్లూ పూర్తిగా వాడినా ఇంకో 2 వేలు తక్కువే, ఫీజులు పెరగడం నేను లెక్క వేయలేదు, ఏటా పెరుగుతాయి. అన్నా, ఇల్లు కొనేటప్పుడు కూడా మనం ఇంత దగ్గరికి లాగం.

అసలు మాట ఏంటంటే ఆ ఉద్యోగం ఈ డిగ్రీ అడగట్లేదు. టెక్సాస్‌లో పోలీస్ లైసెన్స్‌కి హైస్కూల్ సర్టిఫికెట్ చాలు, 21 ఏళ్ళుండాలి, 60 కాలేజ్ క్రెడిట్లు (రెండేళ్ళ చదువు) ఉంటే 18కే ఒప్పుకుంటారు. డిపార్ట్‌మెంట్లు వాటి సొంత రూల్స్ ఇంకాస్త పైన పెట్టుకుంటాయి, అయినా ఫలానా డిగ్రీయే కావాలని మాత్రం అనవు. న్యూయార్క్ పోలీసులైతే మనుషులు దొరక్క 60 క్రెడిట్ల రూల్‌ని 2025 ఫిబ్రవరిలో 24కి దించేశారు. ట్రైనింగ్ అకాడమీలో ఉండగానే జీతం కూడా ఇస్తాయి చాలా డిపార్ట్‌మెంట్లు. లక్షా 64 వేల డిగ్రీ వాడికీ, మన లోకల్ కాలిన్ కాలేజ్‌లో రెండేళ్ళు చదివి తర్వాత స్టేట్ యూనివర్సిటీకి మారినోడికీ మొదటి రోజు ఇచ్చే కారు ఒకటే, సైరన్ ఒకటే, జీతం కూడా ఒకటే.

కోర్టుపక్క_అమ్మాయి

హాయ్ అంకుల్, నేను ఆ డిగ్రీ చేసినదాన్నే, టెక్సాస్‌లోనే ఒక కౌంటీలో ప్రొబేషన్ ఆఫీసర్‌గా చేస్తున్నా, ఇది నాలుగో ఏడు. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ మా అమ్మాయి కోర్టులో పని అని చెప్తుంది, వాళ్ళు జడ్జి అనుకుంటే కాదనదు.

నేను స్టేట్ యూనివర్సిటీలో చదివా, ఇంటి నుంచే వెళ్ళొచ్చేదాన్ని, లోన్ 14 వేలతో బయటపడ్డా. ఏడాదికి 44 వేలతో చేరా, ఇప్పుడు 51. మా టీంలో ఒకమ్మాయి ఆన్‌లైన్ కాలేజ్ ఒకదాంట్లో ఇదే డిగ్రీ చేసి 70 వేల పైన అప్పుతో వచ్చింది. పేరెందుకులెండి, టీవీలో యాడ్లు వేసే రకం కాలేజ్. ఇద్దరం పక్కపక్క క్యూబికల్స్, ఇద్దరికీ ఒకే జీతం. తను వీకెండ్ గ్రోసరీ స్టోర్‌లో ఇంకో షిఫ్ట్ చేస్తుంది. అది చూశాక నాకు కాలేజ్ ర్యాంకుల మీద మోజు పోయింది.

పని ఎలా ఉంటుందో కూడా చెప్తా ఎందుకంటే పాడ్‌కాస్ట్‌లో ఇది రాదు. నా కింద 90 మంది దాకా ఉంటారు. సోమవారం పొద్దున డ్రగ్ టెస్టులు, కప్పు మీద పేరు రాసి ఇవ్వడం, గ్లోవ్స్, మళ్ళీ పేరు రాయడం. మధ్యాహ్నం ఇళ్ళకి వెళ్ళి చూసి రావాలి, కారు వెనక సీట్లో బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్, దాని పక్కనే మా అమ్మ పెట్టిన పెరుగన్నం డబ్బా. రాత్రి రెండింటికి ఫోన్, ఎవరిదో కాలికి కట్టిన మానిటర్ చార్జింగ్ అయిపోయిందని. మిగతా టైమంతా రిపోర్టులు రాయడమే, నిజంగా చెప్తున్నా నా ఉద్యోగంలో సగం టైపింగ్. మీ అమ్మాయికి ఇంగ్లీష్ రాయడం బాగా వస్తే ఈ ఫీల్డ్‌లో చాలా పైకి వెళ్తుంది, ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

అలాగని నాకు రిగ్రెట్ లేదు. పోయిన నెల ఒకతను ప్రొబేషన్ పూర్తి చేసుకుని వెళ్తూ వాళ్ళ పాపని తీసుకొచ్చి చూపించాడు. ఆ రోజు ఇంటికొచ్చి మా అమ్మకి చెప్తే, నీకు బోనస్ ఏమైనా ఇచ్చారా అంది.

ఇంకోటి, లెక్కల మాస్టారు గారు వదిలేసింది. గవర్నమెంట్‌లో చేస్తూ 120 నెలలు సరిగ్గా కడితే మిగిలిన ఫెడరల్ లోన్ మాఫీ చేస్తారు, పీఎస్‌ఎల్‌ఎఫ్ అంటారు. పిల్ల పేరు మీద ఉన్న 27 వేలకి అది పనికొస్తుంది. కానీ పదేళ్ళు కట్టేసరికి నాలాంటి చిన్న లోన్‌లో మాఫీకి మిగిలేది పెద్దగా ఉండదు, దాన్ని నమ్ముకుని పెద్ద కాలేజ్‌కి వెళ్ళొద్దు.

సైబర్_సుబ్బారావు

నాదో ఉచిత సలహా. డిటెక్టివ్ అవ్వాలనే పిల్లలందరికీ మనసులో ఎఫ్‌బీఐ ఉంటుంది, అడిగి చూడండి. దానికి బ్యాచిలర్స్ ఏదైనా చాలు, సిటిజన్ అయ్యుండాలి, 23 నుంచి 36 మధ్య వయసు, రెండేళ్ళు ఫుల్ టైమ్ ఉద్యోగం చేసుండాలి. అకౌంటింగ్, లా, కంప్యూటర్లు, సైన్స్ చదివినోళ్ళని కూడా తీసుకుంటారు, క్రిమినల్ జస్టిస్‌కి ప్రత్యేకంగా పీట వేసేదేం లేదు. బేసిక్ మీద 25 శాతం అదనంగా ఇస్తారు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి కాబట్టి. 57కి రిటైర్మెంట్ తప్పదు.

వేరే ఫెడరల్ ఉద్యోగాల్లో బ్యాచిలర్స్‌తో జీఎస్-5లో (జీఎస్ అంటే ఫెడరల్ జీతాల మెట్లు) మొదలుపెడితే, జీపీఏ 3.0 దాటితే జీఎస్-7లో పెట్టే వీలుంది. ఆ పైమెట్టుకి కూడా మార్కులే కావాలి, ఖరీదైన కాలేజ్ కాదు.

నేనైతే అకౌంటింగ్ గానీ సైబర్ సెక్యూరిటీ గానీ మెయిన్ పెట్టి క్రిమినాలజీ (నేరాల గురించిన చదువు) మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్టుగా చేయమంటా. సెక్యూరిటీ అనలిస్టుల మీడియన్ దాదాపు లక్షా 25 వేలు. మోకాలు దెబ్బతిని పోలీస్ మెడికల్‌లో పోయినా చేతిలో ఒక పని ఉంటుంది. రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్‌లో క్రిమినాలజీ ఉంది, కంప్యూటర్లూ ఉన్నాయి, ఫ్రిస్కో నుంచి రోజూ వెళ్ళి రావొచ్చు.

ఫోరెన్సిక్ ల్యాబ్ మీద కన్నుంటే మాత్రం క్రిమినల్ జస్టిస్ అసలు వద్దు, కెమిస్ట్రీ గానీ బయాలజీ గానీ చేయాలి. డీఎన్‌ఏ పనికి బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ, స్టాటిస్టిక్స్ చదివి ఉండాల్సిందే, ఇంటర్వ్యూలో ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టుకుని మరీ చూస్తారు.

ఆస్టిన్_అత్తమ్మ

సుబ్బారావు గారూ, ఏ పిల్ల ఏమంటున్నా చివరికి కంప్యూటర్ల దగ్గరికే లాక్కొస్తారు మీరు 😀 మా మేనల్లుడు ఇలాగే ఇష్టం లేకుండా సీఎస్‌లో చేరి రెండో ఏడాది వదిలేశాడు, ఆ రెండేళ్ళ ఫీజు ఏ లెక్కలో రాయాలి? ఇష్టమున్న పిల్ల మంచి మార్కులతో నాలుగేళ్ళలో బయటికొస్తే అదే చవక. అన్నయ్యగారూ, డిగ్రీ మార్చమని కాదు, కాలేజ్ మార్చమని చెప్పండి. శామ్ హ్యూస్టన్ స్టేట్ అని హంట్స్‌విల్‌లో ఉంది, ఈ సబ్జెక్టుకి టెక్సాస్‌లో పాత పేరు. స్టేట్ జైళ్ళ డిపార్ట్‌మెంట్ హెడ్డాఫీసు కూడా ఆ ఊళ్ళోనే. డెంటన్‌లో నార్త్ టెక్సాస్‌లో కూడా ఈ డిగ్రీ ఉంది. తర్వాత లా చదవాలనిపించినా లా స్కూల్‌కి ఏ మేజర్ అయినా ఫర్వాలేదు, అప్పుడు మీ 529లో మిగిలింది దానికి పనికొస్తుంది.

బెజవాడ_బుల్లోడు

సారీ, మధ్యలో దూరుతున్నా. నేను బీఏ అయిపోయింది, అమెరికాలో మాస్టర్స్ ఇన్ క్రిమినల్ జస్టిస్ చేద్దామని చూస్తున్నా. కన్సల్టెన్సీ వాళ్ళు మంచి డిమాండ్ ఉందన్నారు. 35 లక్షలు లోన్ అవుతుంది. వెళ్ళొచ్చా?

లెక్కల_మాస్టారు

తమ్ముడూ, వద్దు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వస్తావు, చదువయ్యాక ఓపీటీ, అంటే ఉద్యోగం చేసుకునే పర్మిషన్, 12 నెలలు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంకో 24 నెలలు పొడిగిస్తారు చూడు, క్రిమినల్ జస్టిస్‌కి అది లేదు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) లిస్టులో లేదు. ఫోరెన్సిక్ సైన్స్, కంప్యూటర్ ఫోరెన్సిక్స్ అయితే ఉన్నాయి. ఆ పన్నెండు నెలల్లో ఎవరిస్తారు ఉద్యోగం? ఫెడరల్ ఏజెన్సీలు సిటిజన్లనే తీసుకుంటాయి, పోలీస్ డిపార్ట్‌మెంట్ నీకోసం హెచ్-1బీ వేయదు. అది సిటిజన్ల కోసం ఉన్న ఉద్యోగం. ఇక్కడే పెరిగి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న మన పిల్లలకే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది, గ్రీన్ కార్డ్ రాకముందే 21 నిండుతాయి. డిమాండ్ ఉన్నది కన్సల్టెన్సీ వాడి కమీషన్‌కి.

రామంతాపూర్‌వాలా

బుల్లోడు తమ్మి, నేను హైదరాబాద్‌ల ఫోరెన్సిక్ లైన్‌లనే ఉన్న, ఇక్కడి సంగతి చెప్త విను. ఎస్సై కావాలంటే ఏ డిగ్రీ అయినా సరిపోతది, క్రిమినాలజీ ఎవడూ అడగడు. 2022 నోటిఫికేషన్‌ల తెలంగాణ ఎస్సై స్కేల్ నెలకి 42,300 నుంచి 1,15,270, నీకు కావల్సింది రన్నింగ్, హైటు, అర్థమెటిక్. సీబీఐల ఎస్సై పోస్టు ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) సీజీఎల్ పరీక్ష రాస్తె వస్తది, అది గూడ ఏ డిగ్రీ అయినా ఓకే, స్కేల్ 44,900తోని మొదలు. 35 లక్షలు పెట్టి నేర్చుకునేది అండ్ల ఏం లేదు.

నిజంగ ఈ ఫీల్డే కావాలంటే లా చెయ్యి. ఎల్‌ఎల్‌బీ అయినంక మూడేండ్లు ప్రాక్టీస్ చేస్తె ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టుకి రాయొచ్చు, 2021ల తెలంగాణల 151 పోస్టులు తీసిన్రు, స్కేల్ 54,220తోని మొదలు. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ మా ఉస్మానియాల ఉన్నది గని నీది బీఏ కదా, సైన్స్ లేకుంటె రాదు. 2024 జులై ఒకటి నుంచి కొత్త చట్టం వచ్చినంక ఏడేండ్లు, అంతకంటె ఎక్కువ శిక్ష పడే కేసులల్ల ఫోరెన్సిక్ వాళ్ళు స్పాట్‌కి పోవాలని రాసిన్రు, రాష్ట్రాలకి అయిదేండ్ల టైం ఇచ్చిన్రు. అంటె మనుషులు కావాలె. కానీ కావాలె అనుడు వేరు, నోటిఫికేషన్ వచ్చుడు వేరు. నాతోని చదివినోళ్ళల్ల సగం మంది ఇప్పుడు బ్యాంకులల్ల ఫ్రాడ్ కేసులు చూస్తున్నరు, జీతం నాకంటె ఎక్కువ.

బెజవాడ_బుల్లోడు

థాంక్స్ అన్నా. అడ్వాన్స్ 30 వేలు కట్టేశా కన్సల్టెన్సీకి, తిరిగిస్తారా?

రామంతాపూర్‌వాలా

రసీదు ఉంటె పోయి కూర్చో వాళ్ళ ఆఫీసుల. లేకుంటె 35 లక్షలు మిగిలినయ్ అనుకో.

ఫ్రిస్కో_నాన్న

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి లెక్కల మాస్టారు గారి లెక్క కాగితం మీద వేసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను, ఏం మాట్లాడలేదు. అమ్మాయి చదివి, నెలకి 820 ఎవరు కడతారు అంది. నేను అన్నా. తర్వాత కోర్టుపక్క అమ్మాయి రాసింది చూపించా, రెండుసార్లు చదివింది. ఆ పెరుగన్నం డబ్బా దగ్గర నవ్వింది, డ్రగ్ టెస్ట్ కప్పుల దగ్గర మొహం మాడింది, కానీ వద్దు అని మాత్రం అనలేదు. రాయడం ముఖ్యమన్న మాట మీద ఇంగ్లీష్ టీచర్‌తో మాట్లాడతానంది. ప్రైవేట్ కాలేజ్ సంగతి ఇంకా వదల్లేదు గానీ పట్టు కొంచెం సడలింది, డెంటన్, హంట్స్‌విల్ రెండిటికీ అప్లై చేస్తానంది. మా ఆవిడ నా వైపు కోపంగా చూసి, ఆ కాగితం ఇంకోసారి చూసి, ఏం అనకుండా లోపలికెళ్ళింది.

పొద్దున మా నాన్నకి కూడా వీడియో కాల్‌లో చెప్పేశాం. తిడతారనుకున్నా. కాసేపు ఊరుకుని మనవరాలిని, అక్కడ పెన్షన్ ఉందా తల్లీ అని అడిగారు. దానికి తెలీదు, నా వైపు చూసింది, నాకూ తెలీదు. తర్వాత బూట్లు చూపించమన్నారు. ఫోన్ దగ్గరగా పెట్టించుకుని చూసి, కుట్టు దగ్గర పాలిష్ సరిగ్గా పట్టలేదు, పాత బ్రష్‌తో రుద్దు అన్నారు.

మాస్టారూ, పెన్షన్ ఉందా?

లెక్కల_మాస్టారు

ఉందన్నా, నేనే మర్చిపోయా, అసలు అదే పెద్ద లెక్క. టెక్సాస్‌లో చాలా సిటీలు టీఎంఆర్‌ఎస్ అనే పెన్షన్‌లో ఉన్నాయి, ఎక్కువ సిటీల్లో 20 ఏళ్ళ సర్వీస్ ఉంటే చాలు. ఫెడరల్ పోలీస్ ఉద్యోగాల్లో 20 ఏళ్ళు చేస్తే 50కే, లేదా 25 ఏళ్ళు చేస్తే ఏ వయసుకైనా. మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఎవడిస్తున్నాడు? నా 401కె (రిటైర్మెంట్‌కి దాచుకునే ఖాతా) చూసుకుంటే నవ్వొస్తుంది. నాన్నగారికి చెప్పండి, ఆయన అడిగిన ప్రశ్న ఈ థ్రెడ్‌లో ఇంతమందిమి ఒక్కళ్ళం అడగలేదు.

ఫ్రిస్కో_నాన్న

చెప్తా 🙏 ఈ శనివారం హంట్స్‌విల్ క్యాంపస్ చూడ్డానికి వెళ్తున్నాం, ఐ-45 మీద మూడు గంటల పైనే. దారిలో శాకాహారం దొరికే చోటు ఏమైనా ఉందా? మా ఆవిడ శనివారాలు మాంసం ముట్టదు.

ఆస్టిన్_అత్తమ్మ

మాడిసన్‌విల్‌లో బకీస్ (పెట్రోల్ బంక్, స్టోర్) ఉంది, బాత్రూంలు శుభ్రంగా ఉంటాయి, కాఫీ తాగొచ్చు. తిండికి మాత్రం పులిహోర కట్టుకెళ్ళండి అన్నయ్యా. హంట్స్‌విల్ దగ్గర రోడ్డు పక్కన శామ్ హ్యూస్టన్ (టెక్సాస్ పాత నాయకుడు) తెల్ల విగ్రహం కనిపిస్తుంది, 67 అడుగులది, అక్కడ చెట్ల కింద ఆగి తినండి.